బడిలో వర్షమాపకం: ఒక సంవాదం

విద్యలో అన్ని స్థాయిల్లోనూ పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో ఆదేశించింది. పుష్కరకాలం గడిచినా ఆ ఆదేశం సరిగా అమలు కాలేదని మళ్లీ కోర్టు ముందుకు రావడంతో, ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు నమూనా పాఠ్యప్రణాళిక తయారుచేసే బాధ్యతను 2003 డిసెంబరులో ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. ఈ రెంటి నడుమ, 2001-02లో, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ హరిత దళం పథకాన్ని ప్రారంభించి పాఠశాలల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. కనుక పర్యావరణం బడిలో ఉండాలా వద్దా అన్న వాదనకు ఇక తావు లేదు. అది ఏ రూపంలో ఉండాలన్నదే ఇంకా తేలలేదు. 1977 అక్టోబరులో త్బిలిసీ నగరంలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సదస్సు పర్యావరణ విద్యకు అవగాహన, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, భాగస్వామ్యం అని ఐదు లక్ష్యాలు నిర్దేశించింది. మొదటి రెండింటికీ మన బడుల్లో పాఠాలున్నాయి, మూడోదానికి ప్రతిజ్ఞలున్నాయి. నైపుణ్యానికీ భాగస్వామ్యానికీ ఏమున్నదని అడిగితే మాత్రం జూలైలో నాటే మొక్కను తప్ప చాలాచోట్ల చూపించేది ఉండదు.

ఈ వివాదంలోని రెండు పక్షాలు ఇక్కడ ఇద్దరు కల్పిత వ్యక్తుల నోట వినిపిస్తాయి. ఒకరు అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు, మరొకరు అదే బడిలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయిని. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి రోజూ వాన కొలవాలనీ, ఊళ్లోని ఒక బావిలో నీటిమట్టాన్ని పదిహేను రోజులకొకసారి నమోదు చేయాలనీ, ఆ అంకెలను ఊరంతా చూసేలా బడి గోడమీద రాయాలనీ ఆమె ప్రతిపాదించారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగ పండించుకునే జిల్లాలో ఈ ప్రతిపాదనకు ఉన్న బరువు వేరే చెప్పనక్కరలేదు.

ప్రధానోపాధ్యాయుడు: చేతులతో చేయించడం బడికి కొత్త కాదు మేడమ్. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది పొడవునా బోధనతోపాటు జరిగే మదింపులో, ప్రాజెక్టు పనికి మార్కులు కేటాయించి చాలాకాలమైంది. దాని ఫలితం చూడండి. స్టేషనరీ దుకాణంలో కాలుష్యం చార్టు కొంటారు, ఇంటర్నెట్ సెంటర్లో నాలుగు పేజీలు ప్రింటు తీయిస్తారు, అట్ట వేసి తెచ్చి ఇస్తారు. మొక్కలు నాటే కార్యక్రమమూ అంతే. ఫొటో పైఅధికారులకు చేరేసరికి మొక్క ఎండిపోయి ఉంటుంది. ఇప్పుడు వర్షమాపకం అంటే ఉపాధ్యాయులకు ఇంకొక రిజిస్టరు, పిల్లలకు ఇంకొక చార్టు.

ఉపాధ్యాయిని: మీరు చెప్పిన జబ్బు నిజమే సార్, దాని మూలం మాత్రం మరోచోట ఉంది. చార్టులో రాయవలసిన జవాబు ముందే తెలిసి ఉంటుంది. తెలిసిన జవాబును ఎక్కడినుంచి దించినా ఒకటేనని పిల్లలకు అర్థమైంది కాబట్టే దించుతున్నారు. నిన్న రాత్రి ఈ ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో లేదు, ఉపాధ్యాయుడికీ తెలియదు, కొలిచిన పిల్లకే తెలుస్తుంది. వాతావరణ శాఖ రోజూ ఉదయం 8.30 గంటలకు వర్షపాతాన్ని నమోదు చేస్తుంది. బడి పిల్లలూ ఆ వేళకే చూస్తే తమ అంకెను జిల్లా అంకెతో పోల్చుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలమీద ఒక లీటరు నీరు. ఆ ఒక్క సంగతి తెలిసిన పిల్ల 200 చదరపు మీటర్ల బడి కప్పుమీద 30 మిల్లీమీటర్ల వానకు 6,000 లీటర్ల నీళ్లు పడి కాలువలోకి పోయాయని తానే లెక్క కడుతుంది. వాననీటి సంరక్షణ గురించి ఎనిమిది వ్యాసాలు రాయించినా రాని ఎరుక అది.

ప్రధానోపాధ్యాయుడు: వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు, వచ్చిపోయిన వాననైనా సరిగా కొలవడానికి ప్రభుత్వం మండలాల్లో పరికరాలు పెట్టింది. ప్లాస్టిక్ సీసా కోసి, గరాటు తగిలించి పిల్లలు కొలిచే అంకెకు విలువ ఎంత? తప్పుడు అంకెలు రాయించడం కూడా ఒక తప్పు విద్యే.

ఉపాధ్యాయిని: మండల కేంద్రంలో కుండపోతగా కురిసిన సాయంత్రం ఇక్కడ చినుకు పడకపోవడం రాయలసీమ రైతు ప్రతి ఏడూ చూసే సంగతి. మండలం అంకె మండలానిదే, ఊరి అంకె ఊరికి కావాలి. ఇక తప్పుల మాట. సీసా వెడల్పుకు రెండింతల వెడల్పున్న గరాటు పెట్టిన పిల్లలు వచ్చిన ఎత్తును రెండుతో భాగిస్తారు; వృత్త వైశాల్యం వ్యాసార్ధ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి నాలుగుతో భాగించాలి. గణితం తరగతిలో సూత్రంగా చదివిన వైశాల్యం ఇక్కడ వాన లెక్క తప్పినప్పుడు అర్థమవుతుంది. ఒకే ఆవరణలో రెండు వర్షమాపకాలు పెట్టి చూడండి, ఒకటి చెట్టు నీడన ఉన్నా గోడ పక్కన ఉన్నా రెండు అంకెలూ కలవవు. ఎందుకు కలవలేదని వెదకడమే ఈ విద్యలోని ప్రధాన భాగం. కొలతలో పొరపాటు ఎంత ఉండవచ్చో ఊహించి, దాన్ని అంకె పక్కనే రాసే అలవాటు పదమూడేళ్లకే వస్తే, పెద్దయ్యాక పత్రికలో కనిపించిన ప్రతి అంకెనూ తలవంచి నమ్మే అవస్థ ఉండదు.

ఈ సమాధానం సరైనదే అయినా, ప్రధానోపాధ్యాయుడి సందేహాన్ని పూర్తిగా తీర్చదు. పొరపాటును వెదకడానికి పొరపాటును గుర్తించగల ఉపాధ్యాయుడు కావాలి. అటువంటి శిక్షణ లేకుండా పరికరాలు మాత్రం పంపిణీ చేసిన పథకాలు బీరువాల్లో ముగిశాయన్నది విద్యారంగంలో ఉన్నవారందరికీ తెలుసు.

ప్రధానోపాధ్యాయుడు: సరే, అంకె సరైనదే అనుకుందాం. ఆ అంకె ఎవరికి పనికొస్తుంది? గోడమీద రాసినా ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. బోరు వేసేవాడు పూజారిని అడుగుతాడు, కొబ్బరికాయ పట్టుకు తిరిగేవాణ్ణి అడుగుతాడు. ఎనిమిదో తరగతి పిల్లను అడగడు.

ఉపాధ్యాయిని: ఈ జిల్లాలోనే అడిగిన కాలం ఒకటి ఉంది సార్. 2003 నుంచి 2009 వరకు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా ఆవాసాల్లో, రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. నెదర్లాండ్స్ నిధులిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యం వహించింది, స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో పనిచేశాయి. అక్కడ వాన కొలిచింది ఇంజినీర్లు కారు, రైతులే; ఆడవాళ్లూ, చదువు రానివాళ్లూ కొలిచారు. నీటిమట్టం మార్పును చూడడానికి ఎంచుకున్న బావిని పరిశీలక బావి అంటారు. దాన్ని పదిహేను రోజులకొకసారి కొలిచారు. బోరు పోసే నీటిని బకెట్టు, గడియారం పెట్టి లెక్కించారు. వానాకాలం ముగిసి రబీ మొదలయ్యే ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎంత నీరు చేరింది, వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని లెక్క చూసుకున్నారు. పంట నీటి బడ్జెట్ అన్నది ఆ లెక్కకే పేరు. వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లోటు ఎంతో గోడమీద కనిపించాక వరి తగ్గించి, నీరు తక్కువ తాగే పంటల వైపు మళ్లినవారున్నారు. అంకెను ఊరు చూడదన్న మాట దీనితో నిలవదు. తాను కొలిచిన అంకెను, తన కళ్లముందు కొలిచిన అంకెను ఊరు చూస్తుంది.

ప్రధానోపాధ్యాయుడు: 2009లో ఆ పథకానికి నిధులు ఆగాయి. పథకాలు వస్తాయి, పోతాయి. మీ ఉదాహరణ మీ వాదానికి ఎదురు తిరుగుతోంది.

ఉపాధ్యాయిని: పథకం ఆగుతుంది కాబట్టే బడి కావాలి. ఈ బడి ఏ దాత నిధులతోనూ మొదలు కాలేదు, ఏ దాత తప్పుకున్నా మూతపడదు. ఏటా కొత్త ఎనిమిదో తరగతి వస్తుంది. పదేళ్ల వాన, పదేళ్ల నీటిమట్టం ఒక్క పుస్తకంలో ఉన్న ఊరు ఈ జిల్లాలో ఎన్నింట ఒకటి ఉంటుంది? గ్రానైట్ రాతినేలలో నీరు నిలవగలిగే ఖాళీ నూటికి రెండు పాళ్లని అనుకుంటే, 20 మిల్లీమీటర్ల నీరు లోపలికి ఇంకినా మట్టం మీటరు పైకొస్తుంది. మీటరు పెరిగిందని సంబరపడి రెండు కొత్త బోర్లు వేస్తే అంతే వేగంగా దిగుతుంది. ఈ సంగతి ఒక్క ఏడాది కొలతలో కనిపించదు, అయిదారేళ్ల గీతలో కనిపిస్తుంది. ఆ గీతను గీయగల ఓపిక పథకాలకు ఉండదు, బడికి ఉండగలదు.

ఈ సంవాదంలో ఉపాధ్యాయిని వైపు అత్యంత బలమైన మాట ఇదే. చేతులతో నేర్చుకోవడాన్ని సమర్థించేవారు సాధారణంగా పిల్లల ఉత్సాహం గురించి మాట్లాడతారు. ఉత్సాహం వారం రోజులుంటుంది, చార్టు చేసేటప్పుడూ ఉంటుంది. ఏళ్ల తరబడి తెగకుండా సాగే కొలతకు ఉండే విలువ వేరు, ఎందుకంటే అప్పుడు పిల్ల చేసే పని మార్కుల కోసం చేసే అభ్యాసంగా మిగలక ఊరికి అవసరమైన పని అవుతుంది. అయితే ఉపాధ్యాయులకు బదిలీలుంటాయి. ఈ ఉపాధ్యాయిని వెళ్లిపోయిన మర్నాడు వర్షమాపకం ఎవరు చూస్తారన్న ప్రశ్న ప్రధానోపాధ్యాయుడు వేయలేదు గాని, వేయవలసినదే. పుస్తకం బడి ఆస్తుల జాబితాలో చేరి, పెద్ద తరగతి పిల్లలు చిన్న తరగతికి నేర్పి అప్పగించే ఏర్పాటు ఉంటే తప్ప ఆ కొలత ఒక వ్యక్తి శ్రద్ధమీదే నిలిచి ఉంటుంది.

ప్రధానోపాధ్యాయుడు: రిషి వ్యాలీ పాఠశాలలో పిల్లలు పక్షులను గమనిస్తారు, గుట్టలను పచ్చగా చేశారు, 1991లో ఆ ప్రాంగణం పక్షుల సంరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది. అదీ రాయలసీమే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ సాధ్యమని అనకండి. వారికి వందల ఎకరాల స్థలముంది, పదో తరగతి ఫలితాల పట్టిక పట్టుకుని నిలదీసే సమీక్షలు లేవు.

ఉపాధ్యాయిని: పోల్చవలసింది రిషి వ్యాలీతో కాదు సార్, హోషంగాబాద్‌తో. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రం నేర్పడం మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. అవి ప్రభుత్వ బడులు, చెప్పింది ప్రభుత్వ ఉపాధ్యాయులు, చదివింది రైతుల, కూలీల పిల్లలు. పొలాల్లోకి తీసుకెళ్లారు, మట్టిని, ఆకులను, పురుగులను పరిశీలింపజేశారు. పరీక్షను కూడా మార్చారు: పుస్తకం, నోటుబుక్కు దగ్గర పెట్టుకునే రాయవచ్చు, ప్రయోగ పరీక్ష విడిగా ఉంటుంది. కంఠస్థం చేయడానికి ఏమీ మిగలకపోతే కంఠస్థం దానంతట అదే పోయింది. ముప్ఫై ఏళ్లు నడిచింది.

ప్రధానోపాధ్యాయుడు: ముప్ఫై ఏళ్లు నడిపి 2002లో ప్రభుత్వమే ఆపేసింది కదా! మంచిదైనది ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి. జిల్లా దాటి పైతరగతికి వెళ్తే పరీక్ష పాత పద్ధతిలోనే ఉంటుందన్న భయం తల్లిదండ్రులకు ఉంటుంది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం సులువు. ఇంటర్మీడియట్‌లో సీటు రాని కూలివాడి బిడ్డకు వర్షమాపకం అన్నం పెట్టదు.

ఈ మాటకు ఉపాధ్యాయిని వెంటనే సమాధానం చెప్పలేకపోవడం సహజం, ఎందుకంటే దీనికి బడి లోపల సమాధానం లేదు. చివరి పరీక్ష మారనంతకాలం మధ్యలోని ప్రయత్నాలన్నీ దాని దయమీదే బతకాలి. ఆమె కోరుతున్నది మాత్రం హోషంగాబాద్ అంత పెద్ద మార్పు కాదు, రోజుకు పది నిమిషాలు. కాని ప్రధానోపాధ్యాయుడు తర్వాత లేవనెత్తిన అభ్యంతరం ఆ పది నిమిషాలకూ వర్తిస్తుంది.

ప్రధానోపాధ్యాయుడు: చేతులు అంటున్నారు మేడమ్, ఎవరి చేతులు? 1937 అక్టోబరులో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రంగా చేయాలన్నారు, గొప్ప ఆలోచనే. బడిలో జరిగేది వేరు. చీపురు పట్టవలసి వస్తే ఏ వీధి పిల్లను పిలుస్తారో, పూలకుండీ అలంకరించడానికి ఏ వీధి పిల్లను పిలుస్తారో గమనించారా? మరుగుదొడ్డి కడగడానికి దళితుల పిల్లలను పురమాయించిన బడుల గురించి పత్రికలు ఎన్నిసార్లు రాయలేదు? ఆ తల్లిదండ్రులు పిల్లను బడికి పంపేదే మట్టిపని నుంచి తప్పించడానికి. వాళ్ల చేతికి మళ్లీ మట్టి ఇచ్చి దాన్ని ప్రగతిశీల విద్య అనడం న్యాయం కాదు.

ఉపాధ్యాయిని: ఈ అభ్యంతరానికి తల వంచవలసిందే. స్వచ్ఛత పేరుతో జరిగే శ్రమను పర్యావరణ విద్యలో కలపకూడదు. శుభ్రం చేయించడం విద్య కాదు, దానికి పనివారిని నియమించి జీతమివ్వాలి. కొలత మాత్రం శ్రమ కాదు సార్, అధికారం. ఊళ్లో భూమిని కొలిచేది సర్వేయరు, పంటనష్టాన్ని రాసేది అధికారి, నీటిని లెక్కించేది ఇంజినీరు. కొలిచేవాడి మాట చెల్లుతుంది, ఊరు వింటుంది. ఆ అధికారం మొదటిసారి దళిత కాలనీ పిల్ల చేతికి రావాలనే ఈ ప్రతిపాదన. ఎవరికి ఏ రోజో హాజరు పట్టీ వరుసలో ముందే రాసి గోడకు అంటించాలి. ఆడపిల్ల రాసుకుంటే మగపిల్లవాడు కొలిచే పద్ధతి ఉండకూడదు. బావి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బావి ఏ వీధిలో ఉందో, అందరు పిల్లలూ అక్కడికి అవమానం లేకుండా వెళ్లగలరో లేదో చూసే బావిని ఎంచుకోవాలి.

ప్రధానోపాధ్యాయుడు: బావి అంటే ఇంకో భయం. ఈ ప్రాంతంలో ఎండిపోయిన దిగుడు బావులకు గట్లుండవు. పిల్ల జారి పడితే సమాధానం చెప్పవలసింది ప్రధానోపాధ్యాయుడు.

ఉపాధ్యాయిని: గట్టూ గిలకా ఉన్న బావి ఉంటేనే కొలుద్దాం. తాడు దించేది పెద్దవాళ్లు, చదివి రాసేది పిల్లలు. అలాంటి బావి లేకపోతే పీజోమీటరు అంకె తీసుకుందాం. పీజోమీటరు అంటే నీరు తోడకుండా మట్టాన్ని గమనించడానికే వేసిన బోరు, భూగర్భజల శాఖ వాటిని జిల్లా అంతటా నిర్వహిస్తోంది.

రక్షణ విషయంలో ఇంతకన్నా వాదించవలసింది లేదు. అసలు భేదం ఆ తర్వాత, కొలిచిన అంకె ఎవరికైనా ఇబ్బంది కలిగించినప్పుడు ఏం చేయాలన్న దగ్గర బయటపడింది.

ప్రధానోపాధ్యాయుడు: వాన అంకె ఎవరినీ నొప్పించదు. నీటిమట్టం అంకె నొప్పిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచి ఉంది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు. వేసినవారు మన పిల్లల తండ్రులే. రేపు మీరు ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయిస్తామంటారు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. చేతిపంపులో అంతకు మించి ఉందని ఎనిమిదో తరగతి పిల్ల గోడమీద రాస్తే, ఆ పంపు నీళ్లే తాగుతున్న అవ్వకు ఏం చెబుతుంది? ఇంట్లో ఏం చెబుతుంది? పెద్దలు చేసిన నిర్వాకం మొత్తం లెక్కకట్టి పిల్లల నెత్తిన పెట్టడం విద్య కాదు. పర్యావరణం పేరు ఎత్తితే భయపడే తరాన్ని ఇప్పటికే తయారు చేశాం.

ఉపాధ్యాయిని: భయం పుట్టేది అంకె నుంచి కాదు, అంకె లేని మాటల నుంచి. భూమి నాశనమైపోతోందని ప్రసంగం విన్న పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. సెప్టెంబరు వానల తర్వాత బావిలో మట్టం మీటరున్నర పైకొచ్చిందని కొలిచిన పిల్లకు, తన ఊరి నీరు దిగుతుందనీ ఎక్కుతుందనీ, ఎక్కడానికి కారణాలుంటాయనీ తెలుసు. ఫ్లోరైడ్ విషయంలో పిల్లలు ఒంటరిగా నిలబడనక్కరలేదు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పాలని ఉంది. వారితో కలిసి పరీక్షించి, ఎక్కువ కనిపించిన నమూనాను ప్రయోగశాలకు పంపి, ఫలితాన్ని పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. పటికతోనూ సున్నంతోనూ ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి తెలుగు నేల పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. అవ్వకు చెప్పవలసింది ప్రమాదం ఒక్కటే కాదు, ఉపాయం కూడా ఉంది.

ప్రధానోపాధ్యాయుడు: పంచాయతీ ఆ కాగితాన్ని పక్కన పడేస్తే?

ఉపాధ్యాయిని: అప్పుడు గోడమీద రాయాలి.

ప్రధానోపాధ్యాయుడు: అక్కడే ఒప్పుకోవడం కుదరదు. వర్షమాపకం పెట్టండి, బడి తెరిచే జూన్ రెండో వారం నుంచే మొదలుపెట్టండి. బావి కొలతకు ఇద్దరు పెద్దలు వెంట ఉండాలి. దీనికి నిర్మాణాత్మక మూల్యాంకనంలో మార్కులు కూడా పెడదాం, లేకపోతే అక్టోబరుకల్లా ఎవరూ రారు. ఫ్లోరైడ్ అంకె మాత్రం పంచాయతీకి వెళ్తుంది, గోడమీదికి రాదు.

ఉపాధ్యాయిని: మొదటి రెండూ సమ్మతమే. మార్కులు వద్దు సార్. కొలవడానికి మార్కులిస్తే, కొలవని రోజు ఖాళీ గడిలో పిల్లలు అంకె కల్పించి రాస్తారు. కల్పించిన ఒక్క అంకె అయిదేళ్ల గీతనంతా పాడుచేస్తుంది. కొలవని రోజు 'కొలవలేదు' అని రాసే ధైర్యం పిల్లకు ఉండాలంటే ఆ గడికి మార్కు ఉండకూడదు. కావాలంటే గోడమీది అంకెలతో గణితంలోనూ సాంఘికశాస్త్రంలోనూ ప్రశ్నలిచ్చి, వాటికి మార్కులు వేయండి. ఇక ఫ్లోరైడ్ సంగతి. తాగే నీటి గురించిన నిజాన్ని ఆ నీరు తాగేవారికి తెలియకుండా దాచే పుస్తకాన్ని పిల్లల చేత రాయించలేం. అది గోడమీద ఉండకూడదంటే ఆ పరీక్షే చేయించను.

మార్కుల విషయంలో ప్రధానోపాధ్యాయుడు ఆమె మాటకు ఒప్పుకున్నారు. ఫ్లోరైడ్ పరీక్ష ఆ ఏటికి మానుకున్నారు. ఆ నిర్ణయంలో ఓడిపోయింది ఎవరన్నది ఇద్దరూ ఒకేలా చెప్పరు. ఆమె దృష్టిలో చేతిపంపు దగ్గర నిలబడిన అవ్వ, ఆయన దృష్టిలో ఎవరూ కాదు. వేసవి సెలవుల్లో, బడికి తాళం వేసి ఉండే మే నెలలో, ఉరుముల వానలు పడినప్పుడు వర్షమాపకం ఎవరు చూడాలన్న ప్రశ్నకు మాత్రం బడికి దగ్గర ఇళ్లున్న తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురి పేర్లు ఇద్దరూ కలిసే రాశారు.